కారం మర ముందు ర్యాంపు

గడ్డపలుగు తొలి పోటుకే
తుమ్మొచ్చింది నాకు.
నెర్రె నిండా కారం.
ఇన్నేళ్ళ మూటల్లోంచి రాలిన పొడి
వానకు ముద్దయి, ఎండకు పెచ్చు కట్టి
సిమెంటు వదిలేసిన చోటల్లా
అదే గట్టిగా పట్టుకుని ఉంది.

టంగుటూరులో పొగాకు వేలం దాటాక ఎడమ సందు,
వెంకాయమ్మ కారం మర.
మొన్న పొన్నలూరు నుంచొచ్చిన ఆటో
ముందు చక్రం ఈ గుంటలో దిగబడి
పక్కకు ఒరిగిందంట.
మూడు టిక్కీల మిరపకాయలు కాలవపాలు.
డ్రైవరు కుర్రోడి మోచెయ్యి చెక్కుకుపోయింది.

"పైపైన ఒక పూత పూస్తే ఆగుద్దా మేస్త్రీ?"
ఆగదమ్మా, అన్నా.
పైపూత ఎన్నాళ్ళాగుద్దో
నాకంటే ఎవురికి తెలుసు?

పెళ్ళ లేపితే
నాలుగంగుళాలని లెక్క రాసిన చోట
రెండున్నర.
కింద కంకర లేదు, దిమ్మిస పడ్డ గుర్తు లేదు.
నల్లరేగడి ఊరుకుంటదా,
వానకు ఉబ్బుద్ది, ఎండకు నోరు తెరుచుద్ది.
రవ్వంత గుల్ల నలిపి నాలిక్కి తాకించా.
కారం, దాని వెనకే ఉప్పు.
పాకల ఒడ్డున రాత్రిపూట ఎత్తిన ఇసుక.
ట్రాక్టరు ఎంతకొచ్చిందో కూడా చెప్పగలను,
పాలేటి ఇసుకలో సగం.

గేటు స్తంభం మొదట్లో
మేకుతో గీసిన అక్షరాలు ఉన్నాయి.
పొద్దున రాగానే
వాటి మీద ఖాళీ సంచి పరిచా.
మధ్యాన్నం నీళ్ళు కొట్టి కడగబోతా
అంకమ్మ ఆ సంచి లాగేసింది.
"ఏందన్నా ఈ గీతలు?"
వెంకాయమ్మ కళ్ళద్దాల మీది ఎర్రదుమ్ము
కొంగుతో తుడుచుకుని
వంగి, బాకీ చీటీ చదివినట్టు చదివింది.

క. మస్తానయ్య, మేస్త్రి.

"క అంటే?"
"కట్టా."
"ఊఁ" అని లోపలికి పోయింది.
మర బెల్టు తిరగడం మొదలైంది.
సాయంత్రందాకా ఆ చప్పుడే.

అప్పుడు నాకు ఇరవై మూడు.
మేస్త్రీ అని పిలిపించుకున్న మొదటి పని ఇది.
తాపీ నాదే, తూకం నాదే, తొందరా నాదే.
మిగిలిన డబ్బుల్తో ఒక సెల్లు కొన్నా,
అది మర్సటేడే నీళ్ళలో పడి పోయింది.

పొద్దుగూకాక కూలి ఇచ్చింది,
మొత్తం, పైసా తగ్గకుండా.
ఒక్క నోటు తగ్గించి ఉంటే
ఆ రాత్రి నిద్రన్నా పట్టేది.

మర్నాడు జానెడు లోతు తవ్వా.
రేగడి మొత్తం ఎత్తిపోశాం.
గ్రావెలు పోసి, తడిపి,
చేతులు బొబ్బలెక్కేదాకా దిమ్మిస కొట్టా.
ఊసల జల్లెడ అల్లా.
ఇసుక కడిగితే నీళ్ళు తేటగా దిగినయ్యి,
అయినా నాలిక్కి తాకించి చూశా.
ఒకటికి ఒకటిన్నర, మూడు.
నీళ్ళు ఎక్కువ పొయ్యొద్దని
బాండిలి బాండిలికీ అరుస్తుంటే
"నిన్న నీకేదో పూనిందన్నా" అంది అంకమ్మ.
చెడని పాత సగం అంచుకు
సిమెంటు పాలు రాసి, కొత్తది కలిపా.
బద్దతో లాగి, నీరు ఇంకాక
కొబ్బరి చీపురుతో అడ్డంగా గీతలు.
వానలో నెత్తిన మూటతో ఎక్కే ఆడోళ్ళ కాలికి
ఆ గీతలే ఊతం.

అప్పుడొచ్చింది వెంకాయమ్మ, చేతిలో మేకు.
"ఆరకముందే రాయి.
ఈసారి ఫోన్ నంబరు కూడా."
నవ్విందో లేదో
మూతికి గుడ్డ కట్టుకునుంది, కనపళ్ళా.
నంబరు రాశా.
పేరు దగ్గర చెయ్యి ఆగింది.
"ఊఁ" అంది మళ్ళీ.
రాశా.

చుట్టూ మట్టి గట్లు కట్టి నీళ్ళు నిలిపా.
రెండు వారాలు, తెల్లారకముందే
కొండపి నుంచి బండి మీదొచ్చి
గోనెలు తడిపిపోయేవాణ్ణి.
దీనికి కూలి లేదు, ఆమె అడగలా, నేను చెప్పలా.
ఒకరోజు గోనెలు అప్పటికే తడిగా ఉన్నాయి.
గట్టు పక్కన ఎర్రటి వేలిముద్రల చెంబు.

మూటలేసుకుని మొదటి ఆటో వచ్చిన పూట
రోడ్డవతల టీ బంకు దగ్గర నిలబడ్డా.
చక్రం ఎక్కి, గేటు దాటి
లోపల ఇంజను ఆగేసరికి
గ్లాసులో టీ మీద మీగడ కట్టింది.